పది గజాల మెయిల్

"అది బ్లాక్ ఇన్ ది బ్యాక్. పది గజాలు."

కాల్ అయిపోయాక మా టీమ్ లీడ్ నా సీటు దగ్గరికి వచ్చి అన్న మాట ఇది. గొంతు పెంచలేదు, ముఖం చిట్లించలేదు. అని, కాఫీ కప్పు తీసుకుని తన సీటుకి వెళ్లిపోయాడు. తిట్టాడని మాత్రం అర్థమైంది. దేనికి తిట్టాడో అర్థం చేసుకోవడానికి అమెరికన్ ఫుట్‌బాల్ రూల్స్ చదవాల్సి వచ్చింది.

జరిగింది చిన్న విషయమే. రిలీజ్ ముందు రోజు టెస్టింగ్‌లో ఒక లోపం బయటపడింది, ఆయన రాసిన భాగంలో. నేను డైరెక్టర్‌కి మెయిల్ పెట్టి, ఆయన్ని సీసీలో పెట్టాను. మన దగ్గర దీన్ని తప్పంటారా? వయసులో పెద్దాయన, పైగా లీడ్. ఆయన ముఖం మీదే "మీ పనిలో తప్పుంది" అనడం కంటే పైవాళ్ల చెవిన వేయడమే మర్యాద అనుకుంటూ పెరిగాం. ఇంట్లో బాబాయితో పేచీ వచ్చినా ముందు తాతయ్య దగ్గరికే కదా వెళ్లేది.

ఈయన టెక్సాస్‌లోనే పుట్టి పెరిగాడు. వారమంతా మాతో పాటు కోడ్ రాస్తాడు, సీజన్‌లో శుక్రవారం సాయంత్రం చారల చొక్కా వేసుకుని హైస్కూల్ ఆటలకు అంపైర్‌గా వెళ్తాడు. ఇక్కడ హైస్కూల్ ఫుట్‌బాల్ అంటే ఏమిటో డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకు ఒక్క ఉదాహరణ చాలు: అలెన్ అనే ఊళ్లో బడిపిల్లల ఆట కోసం దాదాపు 6 కోట్ల డాలర్లు పెట్టి 18,000 మంది కూర్చునే స్టేడియం కట్టి 2012లో తెరిచారు. మా అమ్మాయి స్కూల్ బ్యాండ్‌లో క్లారినెట్ వాయిస్తుంది కాబట్టి నేనూ ఆటలకు వెళ్తుంటాను. హాఫ్ టైమ్‌లో బ్యాండ్ చూసేవాడిని, ఆట సాగేటప్పుడు ఫోన్ చూసుకునేవాడిని.

అందుకని పుస్తకంతో మొదలుపెట్టాను. దేశంలో చాలా రాష్ట్రాల హైస్కూళ్లకు వేరే రూల్ పుస్తకం ఉంది. టెక్సాస్‌లో మాత్రం చిన్న చిన్న మార్పులతో కాలేజీ ఆటల ఎన్‌సీఏఏ రూల్సే వాడతారు.

బంతి పట్టుకుని పరిగెత్తేది ఒక్కడు. మిగతా పదిమంది పని వాడికి దారి చేయడం, అంటే ఎదుటివాళ్లకు అడ్డుపడటం. చిత్రం ఏమిటంటే, బంతి ఉన్నవాడిని ఎదుటి జట్టువాళ్లు పట్టుకుని కింద పడేయవచ్చు, ఈ పదిమంది మాత్రం ఎవర్నీ పట్టుకోకూడదు, నెట్టాలంతే. కబడ్డీలో కూతకొచ్చినవాడి కాలో నడుమో దొరికితే వదలకూడదని నేర్చుకున్నవాడికి ఇది మింగుడుపడటం కష్టమే. నెట్టేటప్పుడు చేతులు ఎదుటివాడి ఛాతీ వెడల్పు దాటి పక్కలకు పోకూడదు. చొక్కా పట్టుకుని లాగినా, చెయ్యి చుట్టేసి ఆపినా అది హోల్డింగ్. పది గజాలు వెనక్కి. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాల్సిన ఆటలో అది చిన్న శిక్ష కాదు. రెఫరీ పిడికిలి బిగించి, ఆ మణికట్టును ఇంకో చేత్తో పట్టుకుని చూపిస్తాడు. డబ్బుకి ఆడేవాళ్ల పెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో చేతులు చాచి, అరచేతులు తెరిచి నెట్టడానికి వీలిచ్చింది 1978లో.

ఇక తప్పు జరిగిందని చెప్పే పసుపు గుడ్డ ఎప్పుడు విసరాలన్నది అంపైర్ విచక్షణ. డిఫెన్స్ వెనక, గుంపు మధ్యలోనే నిలబడి చూసేది ఆయనే. పరుగు కుడివైపు పోతుంటే ఎడమవైపు ఎవడో చొక్కా పట్టుకున్నా సాధారణంగా వదిలేస్తారు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు పాటిస్తే ప్రతి ఆటలోనూ ఎక్కడో ఒక హోల్డింగ్ దొరుకుతుందని ఇక్కడివాళ్లే జోకులేసుకుంటారు. ఈ పట్టువిడుపు నాకు నచ్చింది. మరి నా మెయిల్ దగ్గరికి వచ్చేసరికి అదేమైంది?

వెనకనుంచి నడుం పైభాగాన నెడితే ఆయన అన్న బ్లాక్ ఇన్ ది బ్యాక్, పది గజాలు. అదే వెనకనుంచి నడుం కింద కొడితే క్లిప్పింగ్, పదిహేను. ఒకడు పైన పట్టి ఉంచితే ఇంకొకడు కాళ్ల మీద పడటం చాప్ బ్లాక్, అదీ పదిహేనే. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అన్ని రకాల చాప్ బ్లాకులనూ 2016లో పూర్తిగా నిషేధించారు. వీటికి కారణం అడగక్కర్లేదు. నేలలో దిగిన కాలు మీద పక్కనుంచో వెనకనుంచో బరువు పడితే మోకాలు పోతుంది.

నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది బ్లైండ్‌సైడ్ బ్లాక్. 2008 అక్టోబర్‌లో పిట్స్‌బర్గ్ ఆటగాడు హైన్స్ వార్డ్ అడ్డుపడితే సిన్సినాటి ఆటగాడు కీత్ రివర్స్ దవడ విరిగింది. అప్పటి రూల్స్ ప్రకారం అది ఫౌల్ కాదు. వీపు మీద కొట్టలేదు. రివర్స్ చూపు మాత్రం వేరేవైపు ఉంది. మరుసటి ఏడాదే అలాంటి దెబ్బ తలకు తగలకూడదన్న రూల్ వచ్చింది, జనం దానికి వార్డ్ పేరే పెట్టుకున్నారు. 2019కి వచ్చేసరికి ఎన్‌ఎఫ్‌ఎల్, కాలేజీలు రెండూ చూడనివాణ్ని బలంగా గుద్దడాన్నే తప్పు చేశాయి. కొట్టు, కానీ వాడికి కనపడి కొట్టు అన్నమాట.

వినడానికి బాగుంది. నాకు ఒళ్లు మండింది కూడా ఇక్కడే. కనపడి ఢీకొట్టడానికి ఆయనకేం! పడితే లేచి దులుపుకుంటాడు. నేను హెచ్-1బి మీద ఉన్నాను. ఉద్యోగం పోతే మహా అయితే 60 రోజులు, ఆలోపు ఇంకో కంపెనీ దొరక్కపోతే సామాన్లు సర్దుకోవాలి. గ్రీన్ కార్డు లైను గురించి ఇక్కడ ఎత్తను, బీపీ పెరుగుతుంది. లీడ్‌కి ఎదురుగా నిలబడి "తప్పు నీది" అనే ముందు నాలాంటివాడు ఇంటి అద్దె, పిల్ల చదువు, ఊళ్లో అమ్మ మందులు అన్నీ లెక్కేసుకుంటాడు. ఆ లెక్క ఏ రూల్ పుస్తకంలోనూ ఉండదు. దొడ్డిదారి అనుకుంటే అనుకోండి, మాకు ఉన్న దారి అదే.

ఆ వారం ఆటకు ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్లాను. మా స్కూల్ కుర్రాడు కిక్ అందుకుని మైదానం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పరిగెత్తాడు. బ్యాండ్ మొదలైంది, మా అమ్మాయి కూడా వాయిస్తోంది. అంతలో పసుపు గుడ్డ. మావాడొకడు ఎదుటివాడి వీపు మీద రెండు చేతులూ వేశాడు. ఆ ఎదుటివాడు పరుగును అందుకునేంత దగ్గర్లో లేడని నాకే తెలుస్తోంది. అయినా ఆ పరుగుతో వచ్చిన టచ్‌డౌన్ పాయింట్లు పోయాయి. తప్పు జరిగిన చోటునుంచి పది గజాలు వెనక్కి లెక్కపెట్టి బంతి అక్కడ పెట్టారు. నా ముందు వరసలో ఉన్నాయన అంపైర్‌ని తిట్టలేదు, ఆ కుర్రాణ్ని తిట్టాడు. వీపు మీద నంబర్ కనిపిస్తే చేతులు దించాలని చిన్నప్పటినుంచీ నేర్పుతారట కదా, వీడికేం రోగం అని.

ఇంటికొచ్చి మళ్లీ పుస్తకం తీస్తే నాకు కావాల్సింది దొరికింది. అడ్డుపడేవాడు దాదాపు తగలబోతున్న సమయంలో ఎదుటివాడే తిరిగి వీపు చూపిస్తే అది ఫౌల్ కాదు. ఇంకేం కావాలి? మెయిల్ పెట్టే ముందు ఆయనకు చాట్‌లో రెండుసార్లు మెసేజ్ పెట్టాను. జవాబు లేదు. అంటే వీపు తిప్పింది ఆయనే.

సోమవారం వెళ్లి ఇదంతా చెప్పాను. రూల్ చదివినందుకు ముందు ఆయన ముఖం వెలిగిపోయింది. చాలాసేపు కుర్చీలో ముందుకు వంగి, ఎడమ చెయ్యి ఇక్కడుంటే హోల్డింగ్, ఇక్కడుంటే కాదు అని నా భుజం మీదే చూపించాడు. ఆఫీసులో నాతో ఎవరూ అంతసేపు పనికిరాని కబుర్లు చెప్పిన గుర్తు లేదు. తర్వాత చాట్ తెరిచి, పైకి జరుపుకుంటూ నా మెసేజ్‌ల దగ్గర ఆగాడు.

ఒకటి "హాయ్". ఇంకోటి "హాయ్, ఆర్ యు దేర్?"

"వీటిలో తప్పు గురించి ఏముంది?" అన్నాడు. "నువ్వు వస్తున్నట్టు నాకెలా తెలుస్తుంది? గజాలు అలాగే ఉంటాయి."

ఇదెక్కడి న్యాయమో మీరే చెప్పండి. మొదటి మెసేజ్‌లోనే "మీ కోడ్‌లో తప్పుంది" అని పెద్దాయనకు ఎవరైనా రాస్తారా? హాయ్ అంటే ఆయన హాయ్ అనాలి, బాగున్నారా అంటే బాగున్నాననాలి, ఆ తర్వాత కదా అసలు సంగతి. రెండుసార్లు పిలిచినా పలక్కపోతే ఇంకేం చేయమంటారు?