కోతల లెక్కలో కనిపించని నష్టం

ప్రభుత్వం ఖర్చు తగ్గించుకోవాలని నిర్ణయించినప్పుడల్లా చర్చంతా ఎంత మిగులుతుందన్న లెక్క చుట్టూనే తిరుగుతుంది. ఆ నిర్ణయాన్ని మోయవలసిన కార్యాలయాల్లో, ఆసుపత్రుల్లో, బడుల్లో పనిచేసేవారి మనసు ఏమవుతుందన్నది ఏ పద్దు కిందా నమోదు కాదు. జీతం తగ్గడం బాధాకరమే. అయితే చక్కగా చేయడం తెలిసిన పనిని రోజూ అరకొరగా చేసి పంపవలసి రావడం ఉద్యోగిని అంతకంటే ఎక్కువగా కుంగదీస్తుందని నా నమ్మకం.

ముందు జీతం సంగతి చూద్దాం. బ్రిటన్‌లో 2010లో ప్రకటించిన పొదుపు చర్యల్లో భాగంగా ఏడాదికి 21,000 పౌండ్లకు మించి జీతం ఉన్న ప్రభుత్వ రంగ ఉద్యోగులకు రెండేళ్ల పాటు వేతన పెంపు నిలిపివేశారు. ఆ తర్వాత కూడా కొన్నేళ్లు పెంపును సగటున 1 శాతం దాటనివ్వలేదు. చేతికందే అంకె మారకపోయినా ధరలు పెరుగుతూనే ఉంటాయి కనుక అది కోతే. గ్రీస్‌లో పండుగలకు, వేసవి సెలవులకు 13వ, 14వ నెల జీతాలుగా ఇచ్చే మొత్తాలను ప్రభుత్వోద్యోగులకు మొదట కుదించి, తర్వాత పూర్తిగా ఎత్తివేశారు. ఆ డబ్బును నమ్ముకుని అప్పులు, పిల్లల చదువులు ముందే లెక్కవేసుకున్న కుటుంబాలకు అది మాట తప్పడంగానే తోస్తుంది. బయట ఎక్కువ సంపాదించే అవకాశం ఉన్నా భద్రత కోసం ఈ కొలువును ఎంచుకున్నవారికి ఆ భద్రతే సడలితే ఇక మిగిలేదేమిటి?

అంతకంటే లోతుగా దెబ్బతీసేది ఖాళీలను భర్తీ చేయకపోవడం. ఎవరినీ తొలగించనవసరం లేదు కాబట్టి పాలకులకు ఇది సులువైన దారి: పదవీ విరమణ చేసినవారి కుర్చీని అలాగే వదిలేస్తే చాలు. కుర్చీ ఖాళీ అయినా ఆ కుర్చీ పని మాత్రం ఎక్కడికీ పోదు. నలుగురు ఉండవలసిన సెక్షన్‌లో ఇద్దరు మిగులుతారు, మిగతా రెండు సీట్ల ఫైళ్లు ‘అదనపు బాధ్యతలు’ అన్న పేరుతో వారి బల్లల మీదికి చేరతాయి. పింఛను కోసం ఒక వృద్ధురాలు మూడోసారి కౌంటర్ దగ్గరికి వస్తుంది. దరఖాస్తులో లోపమేమీ లేదు. విచారణకు వెళ్లవలసిన ఉద్యోగి పోస్టు ఖాళీగా ఉంది. ‘వచ్చే వారం రండమ్మా’ అని చెప్పే గుమస్తాకు, వచ్చే వారం కూడా విచారణ జరగదని తెలుసు. కోత విధించినవారు ఆ కిటికీ దగ్గర ఉండరు కనుక ఆమె కోపమంతా అతని మీదే పడుతుంది. ఇలాంటివి నెలల తరబడి సాగితే అతను తలెత్తి చూడడం మానేస్తాడు, మాట ముక్తసరి అవుతుంది, జనం దాన్ని పొగరు అంటారు. మనస్తత్వ శాస్త్రవేత్తలు క్రిస్టినా మాస్లాక్, సూసన్ జాక్సన్ 1981లో రూపొందించిన కొలమానంలో వృత్తిపరమైన అలసటకు మూడు ముఖాలు చెప్పారు: మానసికంగా పూర్తిగా అలసిపోవడం, ఎదుటి మనిషిని మనిషిగా చూడలేకపోవడం, తాను సాధించిందేమీ లేదన్న భావన. ఆ గుమస్తాలో కనిపించేది ఇందులో రెండోది. ఇది స్వభావ దోషమని నేను అనలేను, తట్టుకోవడానికి అతనికి దొరికిన దారి అదొక్కటే.

శిక్షణ ఆగిపోవడం, ప్రయాణ భత్యాల బిల్లులు నెలల తరబడి పెండింగ్‌లో ఉండడం, ప్రింటర్ కాగితాలు సొంత జేబులోంచి కొనుక్కోవడం వంటివి గోరుచుట్టుపై రోకటిపోటు. ఈ పరిస్థితిలో ముందుగా వెళ్లిపోయేది బయట ఉద్యోగం దొరకగల సమర్థులే, లేదా స్వచ్ఛంద పదవీ విరమణకు అర్హత ఉన్న అనుభవజ్ఞులు. కొత్తవారికి పని నేర్పే మనిషి కూడా వారితోనే పోతాడు.

కోతల్లో అందరి బాధకూ ఒకే విలువ దక్కదు. 2013లో అమెరికాలో అన్ని శాఖలపై ఒకేసారి పడిన కోతల వల్ల ఏప్రిల్‌లో విమాన రాకపోకల నియంత్రణ సిబ్బందిని వేతనం లేని సెలవుపై పంపడం మొదలుపెట్టారు. విమానాలు ఆలస్యమవగానే గగ్గోలు పుట్టింది, వారం తిరగకముందే అక్కడి చట్టసభ నిధులు సర్దుబాటు చేసే బిల్లును ఆమోదించింది. అదే ఏడాది రక్షణ శాఖలోని పౌర ఉద్యోగులు లక్షల సంఖ్యలో ఆరు రోజుల జీతం కోల్పోయారు, వారి కోసం అలాంటి తొందర కనబడలేదు. తన పని ఆగినా పైవారికి పట్టదని ఉద్యోగికి ఒకసారి అర్థమైతే, ఆ తర్వాత ఎన్ని ప్రశంసాపత్రాలు ఇచ్చినా ఆ గాయం మానదు.

నిధులు నిజంగానే లేని కాలం వస్తుంది, కోతలు తప్పని సందర్భాలూ ఉంటాయి. అప్పుడు సిబ్బందిని తగ్గించే ఉత్తర్వులోనే ఏయే సేవలు ఆగిపోతాయో, ఏ పనికి ఇకపై ఎక్కువ రోజులు పడుతుందో స్పష్టంగా రాయాలని నా కోరిక. ఆ కాగితాన్ని నిర్ణయం తీసుకున్నవారి సంతకంతో ప్రతి కౌంటర్ దగ్గరా అంటించాలి. పింఛను ఎందుకు రాలేదని అడిగే వృద్ధురాలికి గుమస్తా అప్పుడైనా నిజం చెప్పగలుగుతాడు.