నది మీద నడిచొచ్చాను: విన్నిపెగ్‌లో ఒక ఫిబ్రవరి

గోదావరి గట్టున పుట్టి పెరిగినదాన్ని. నది మీద పడవలో వెళ్లాను, లాంచీలో వెళ్లాను, రైల్లో వంతెన దాటిన ప్రతిసారీ రూపాయి బిళ్ల వేసి దణ్ణం పెట్టుకున్నాను. నది మీద కాళ్లతో నడవడం మాత్రం ఈ ఫిబ్రవరిలోనే, కెనడాలో, విన్నిపెగ్ అనే ఊళ్లో.

మా తమ్ముడు అక్కడికి వెళ్లి ఆరేళ్లయింది. వాడు ఫోన్ చేసి "ఈరోజు మైనస్ ముప్పై" అన్నప్పుడల్లా అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. పిల్ల బడికి ఎలా వెళ్తుంది, కోడలు డ్యూటీ నుంచి రాత్రి ఎలా వస్తుంది అని నన్ను అడుగుతుంది, నాకేం తెలుసు? అందరూ జూలైలో వెళ్లమన్నారు, అప్పుడు అంతా పచ్చగా ఉంటుందట. నేను పట్టుబట్టి ఫిబ్రవరిలోనే మూడు వారాలు సెలవు పెట్టాను. వాళ్లు చలిలో ఎలా బతుకుతున్నారో కళ్లారా చూసి వచ్చి అమ్మకి చెప్పాలి, అంతే నా ఉద్దేశం.

రాజమండ్రి నుంచి హైదరాబాద్, ఢిల్లీ, టొరంటో దాటి విన్నిపెగ్‌లో దిగేసరికి రాత్రి అయింది. విమానాశ్రయంలోనే మా మరదలు నాకు మోకాళ్ల దాకా వచ్చే కోటు తొడిగి, టోపీ చెవుల మీదకి లాగి, "వదినా, బయట నోటితో గాలి పీల్చకండి, దగ్గొస్తుంది" అంది. తలుపు తెరుచుకుంది. ముక్కులోపలి తడి ఒక్క క్షణంలో గట్టిపడి గుచ్చుకుంది. కాళ్ల కింద మంచు కిర్రు కిర్రుమని చప్పుడు చేసింది, అచ్చం పొడి ఇసకని గాజు మీద రుద్దినట్టు. బాగా చలి ఉంటేనే మంచు అలా మోగుతుందట, కాస్త వేడెక్కితే ఆ చప్పుడు ఉండదు.

ఇంటికి వెళ్లాక తమ్ముడు కారు ముందు భాగంలోంచి వేలాడుతున్న ఒక ప్లగ్గు తీసి గోడకున్న సాకెట్‌లో పెట్టాడు. అది పెట్రోలు కారే. ఇంజన్‌లో చిన్న హీటర్ ఉంటుంది, దాన్ని బ్లాక్ హీటర్ అంటారు, రాత్రంతా ఇంజన్ మరీ చల్లబడకుండా కాస్తుంది. లేకపోతే ఆయిల్ చిక్కబడి పొద్దున్న బండి స్టార్ట్ కాదు. తర్వాత చూస్తే ఊరంతా ఇదే, ఆఫీసుల పార్కింగ్‌లలో కూడా ప్రతి బండి ముందూ ఒక కరెంటు స్తంభం. మన ఊళ్లో గొడ్లని రాటకి కట్టేసినట్టు కార్లన్నీ వరసగా తాళ్లతో నిలబడి ఉన్నాయి. అమ్మకి చెప్పాల్సిన మొదటి విషయం దొరికింది అనుకున్నాను.

రెండోది మర్నాడు పొద్దున్నే దొరికింది. మా మేనకోడలికి ఏడేళ్లు. స్కూలుకి తయారవడం ఒక క్రమంలో చేసింది: ముందు స్నో ప్యాంటు, తర్వాత బూట్లు, అప్పుడు కోటు, మెడకి చుట్టు, టోపీ, ఆఖరున చేతి తొడుగులు. తొడుగులు ముందే వేసుకుంటే జిప్పు లాగలేమని నాకు పాఠం చెప్పింది. "అత్తా, నీకు చలేస్తోందంటే నువ్వు తప్పుగా డ్రెస్ చేసుకున్నావని" అంది. దానికి చలంటే భయం లేదు. మరీ చలిగా ఉన్న రోజు స్కూల్లో ఆటలకి బయటికి వదలలేదని ఏడ్చింది కూడా.

ఇంకోటి నాకు బాగా నచ్చింది. ఎవరింటికి వెళ్లినా, తెల్లవాళ్లయినా సరే, గుమ్మంలో బూట్లు విప్పే లోపలికి రావాలి. ఎవరూ చెప్పక్కర్లేదు.

విన్నిపెగ్ మానిటోబా రాష్ట్రానికి రాజధాని. ఊరు దాటితే నేల చూపు ఆనినంత దూరం చదును. మన డెల్టా కూడా చదునే కానీ మనకి కొబ్బరిచెట్లూ కాలవ గట్లూ చూపుకి అడ్డొస్తాయి. ఇక్కడ ఏమీ అడ్డు రాదు. వేల ఏళ్ల కిందట హిమానీనదాలు కరిగి ఏర్పడ్డ అగాసీ అనే పెద్ద సరస్సు అడుగుభాగం ఈ నేల. సరస్సు పోయింది, బంకమన్ను మిగిలింది. ఒక ఆదివారం తమ్ముడు ఊరి బయటికి తీసుకెళ్లి కారు ఆపి "పైకి చూడు" అన్నాడు. సూర్యుడికి రెండు పక్కలా ఇంకో రెండు సూర్యుళ్లు, వాటిని కలుపుతూ పల్చటి వలయం. గాలిలో తేలే మంచు పలుకుల వల్ల అలా కనిపిస్తుందట, వీళ్లు సన్ డాగ్ అంటారు. మన వైపు సూర్యుడికో చంద్రుడికో అలాంటి వలయం కడితే వరదగుడి కట్టింది అంటాం కదా, మా నాన్నమ్మ దాన్ని చూసి వాన ఎంత దూరంలో ఉందో చెప్పేది. అక్కడ ఆ వలయం కింద వాన ఊసే లేదు, వట్టి తెలుపు. చాలాసేపు చూస్తూ నిలబడ్డాను.

ఊరి మధ్యలో పోర్టేజ్, మెయిన్ అనే రెండు పెద్ద రోడ్లు కలిసే కూడలి ఉంది. గాలి దెబ్బకి కెనడా అంతా పేరున్న చోటు. 1979లో ఇక్కడ జనాన్ని రోడ్డు దాటనివ్వడం ఆపేశారు, అడ్డుగోడలు కట్టి అందరినీ భూగర్భ దారిలోకి పంపారు. మళ్ళీ తెరవాలా అని 2018లో ఓటింగ్ పెడితే జనం వద్దన్నారు. చివరికి 2025 జూన్‌లో తెరిచారు. నేను ఆ కూడలిని పనిగట్టుకుని నడిచి దాటాను, మధ్యలో ఆగి ఫోటో తీద్దామని తొడుగు విప్పాను. నిమిషం కూడా కాలేదు, వేళ్లు మొద్దుబారాయి, ఫోన్ ఆఫ్ అయిపోయింది. తమ్ముడికి ఫోన్ చేసే దారి లేదు, టెన్షన్ వచ్చేసింది. బస్టాప్‌లో ఉన్న ఒక పెద్దావిడ నన్ను చూసి తన బ్యాగులోంచి చిన్న పొట్లం తీసి చింపి నా అరచేతిలో పెట్టింది. ఊపితే వేడెక్కే పొట్లం అది. ఆ తర్వాత పక్కనున్న భవనంలోకి తీసుకెళ్లి, అక్కడ్నుంచి స్కైవాక్ దారి చూపించింది. అంటే భవనానికీ భవనానికీ మధ్య రోడ్డు మీదుగా అద్దాల వంతెనలు. బయటికి అడుగు పెట్టకుండానే లైబ్రరీ దాకా వెళ్లిపోవచ్చు. ఆవిడ పేరు అడగలేదు, ఇప్పటికీ బాధగా ఉంది.

అదే డౌన్‌టౌన్‌లో నన్ను కలచివేసింది కూడా చూశాను. కొన్ని బస్ షెల్టర్లలో ఇల్లు లేని మనుషులు దుప్పట్లు కప్పుకుని పడుకుని ఉన్నారు, ఆ చలిలో. వాళ్లలో చాలామంది ఈ నేలకి అసలు వారసులైన ఆదివాసీలని తమ్ముడు చెప్పాడు. 2014లో తెరిచిన మానవ హక్కుల మ్యూజియం ఈ ఊళ్లోనే ఉంది. ఆదివాసీ పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి తీసుకెళ్లి హాస్టల్ బడుల్లో పెట్టి వాళ్ల భాషల్ని మాన్పించిన చరిత్ర అందులో వివరంగా పెట్టారు. అవన్నీ చదివి బయటికి వచ్చి ఆ షెల్టర్ పక్కనుంచి మళ్ళీ నడవాల్సి వచ్చింది. ఇది అమ్మకి చెప్పలేదు.

ఇక నది. రెండు నదులు, రెడ్, అసినిబోయిన్. అవి కలిసే చోటుని ద ఫోర్క్స్ అంటారు, ఆరువేల ఏళ్లుగా ఆదివాసీలు కలుసుకుని సరుకులు మార్చుకున్న సంగమం. విన్నిపెగ్ అంటే క్రీ అనే ఆదివాసీ భాషలో బురద నీళ్లు అని అర్థం. వరద గోదారి ఎర్రనీళ్లు చూసినదాన్ని, ఆ పేరు వినగానే నాకు ఆ ఊరు సొంతమైపోయింది. చలికాలంలో మంచు తగినంత మందం కట్టాక నది మీద దారి వేస్తారు, నెస్టవేయా దారి అని పేరు. మంచు మీద నీళ్లు పోసి నున్నగా చేస్తారు, ఒక పక్క స్కేటింగ్ చేసేవాళ్లు, ఒక పక్క నడిచేవాళ్లు, మధ్యమధ్య హాకీ ఆడే పిల్లలు, చంటిబిడ్డని స్లెడ్జి మీద లాక్కెళ్లే నాన్నలు. దారి పొడవునా ఆగి ఒళ్లు కాచుకోవడానికి చిన్న చిన్న గుడిసెలు, వాటి డిజైన్లకి ఏటా పోటీ పెడతారట. మైనస్ ఇరవైలో ఇంత జనం బయట ఉంటారని నేను అనుకోలేదు.

మొదటి అడుగు వేసేటప్పుడు మాత్రం చెప్పులు విడవాలన్నంత పని అయింది నాకు. నదికి దణ్ణం పెట్టుకునే దిగాను. మేనకోడలు చెయ్యి పట్టుకుంది. "కింద నీళ్లున్నాయా?" అని అడిగితే "ఉన్నాయి అత్తా, వెళ్తున్నాయి" అంది.

ఎటు వెళ్తున్నాయో తమ్ముడు చెప్పాడు, ఇది నేను మర్చిపోలేని సంగతి. రెడ్ నది అమెరికాలో పుట్టి ఉత్తరానికి ప్రవహించి విన్నిపెగ్ సరస్సులో కలుస్తుంది. వసంతంలో దక్షిణాన మంచు ముందు కరుగుతుంది, ఉత్తరాన నది ఇంకా గడ్డకట్టే ఉంటుంది. పైనుంచి వచ్చిన నీళ్లకి పోయే దారి లేక, చదునైన నేల మీద ఎటు పడితే అటు పొర్లుతుంది. 1950 వరదలో ఈ ఊళ్లో లక్షమంది దాకా ఇళ్లు వదిలిపోయారు. అప్పుడు డఫ్ రాబ్లిన్ అనే నాయకుడు, తర్వాత ప్రీమియర్, అంటే ఇక్కడి ముఖ్యమంత్రి అయ్యాడు, ఊరి చుట్టూ తిప్పి 47 కిలోమీటర్ల కాలవ తవ్వించాడు, 1968లో పూర్తయింది. ఖర్చు దండగ అని అప్పట్లో జనం ఎగతాళి చేశారు, డఫ్ గారి గుంట అని పేరు పెట్టారు. 1997లో అంతకంటే పెద్ద వరద వచ్చినప్పుడు ఆ గుంటే ఊరిని కాపాడింది. ఇప్పటికీ అదే పేరుతో పిలుస్తారు, కానీ ఇప్పుడు ముద్దుగా. 86 వరదలో మా వీధి చివరిదాకా నీళ్లు వచ్చిన రాత్రి నాకు గుర్తుంది, ధవళేశ్వరం వెళ్లినప్పుడల్లా కాటన్ దొరకి దణ్ణం పెట్టే మనుషులం మేము. ఆ కాలవ గట్టు దగ్గరికి తీసుకెళ్లమని తమ్ముణ్ణి అడిగాను. మంచు కప్పేసిన పెద్ద పల్లం, అంతే కనిపించింది. అక్కడ కూడా దణ్ణం పెట్టుకున్నాను.

నేను ఉన్నప్పుడే నదికి అవతల సెయింట్ బానిఫేస్ అనే ఫ్రెంచి వాళ్ల పేటలో ఫెస్టివల్ దు వోయజర్ అనే చలికాలపు పండగ జరిగింది. మంచుతో చేసిన బొమ్మలు ఇళ్లంత ఎత్తు ఉన్నాయి. మేపుల్ పాకం కాచి శుభ్రమైన మంచు మీద ధారగా పోస్తారు, అది గట్టిపడుతుండగా పుల్లకి చుట్టి ఇస్తారు. జీడిపాకంలా సాగింది, రెండు తిన్నాను. దగ్గర్లోనే చర్చి ఆవరణలో లూయీ రియెల్ సమాధి ఉంది. ఆదివాసీలకీ యూరప్ వాళ్లకీ పుట్టిన సంతతి అయిన మేటీ జనం నాయకుడు ఆయన, ఈ రాష్ట్రం 1870లో పుట్టడానికి కారకుడు, 1885లో ప్రభుత్వమే ఉరి తీసింది. ఇప్పుడు ఫిబ్రవరి మూడో సోమవారం ఆయన పేరుతో సెలవు. మా మన్యంలో అల్లూరిని కాల్చిన కథా, ఇప్పుడు ఆయన పేరున్న జిల్లా గుర్తొచ్చి ఆ రాయి దగ్గర కాసేపు ఉన్నాను.

తిండి గురించి కొంచెమే చెప్తాను. యుక్రెయిన్ వాళ్ల పెరోగీలు, అంటే లోపల బంగాళదుంప కూరిన కజ్జికాయల్లాంటివి, ఉడికించి, వేయించిన ఉల్లిపాయలతో తింటారు, చాలా బావున్నాయి. చికెన్ ఫింగర్స్ అనే పొడుగు వేపుడు ముక్కల్ని తేనె, సోయకూర కలిపిన సాస్‌లో ముంచుకుంటారు, అది నాకు పడలేదు. స్లర్పీ అనే ఐస్ డ్రింకు అమ్మకాల్లో ఈ ఊరు ఏళ్ల తరబడి ప్రపంచంలోనే ముందుందట, మైనస్ పాతికలో కాలేజీ పిల్లలు పెద్ద గ్లాసులతో తాగుతూ వెళ్తుంటే చూశాను.

తమ్ముడితో పనిచేసే ఫిలిప్పీన్స్ అబ్బాయి పెళ్లి కుదిరింది, వాళ్ల సోషల్‌కి మమ్మల్ని పిలిచారు. సోషల్ అంటే ఈ రాష్ట్రంలో ఒక ఆచారం. పెళ్లికి ముందు హాలు అద్దెకి తీసుకుని టికెట్లు అమ్ముతారు, స్నేహితులే కాదు, వాళ్లకి తెలిసినవాళ్లు కూడా కొని వస్తారు, డాన్సులు, లాటరీ బహుమతులు, రాత్రి బాగా పొద్దుపోయాక రై బ్రెడ్డూ మాంసం ముక్కలూ చీజూ ఊరగాయ దోసకాయలూ. వచ్చిన డబ్బు పెళ్లి ఖర్చుకి. టికెట్ చేతిలో పట్టుకుని నేను తమ్ముణ్ణి "ఇవి చదివింపులేగా?" అన్నాను. "అంతే అక్కా, ముందుగా చదివిస్తారు" అన్నాడు. ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్లు, పంజాబీలు, నైజీరియా వాళ్లు, ఇక్కడే నాలుగు తరాలు పుట్టినవాళ్లు, అందరూ ఆ అబ్బాయి పెళ్లి కోసం తలో చెయ్యీ వెయ్యడం చూసి కడుపు నిండింది. బయటికి వచ్చేసరికి ఒకాయన కారు స్టార్ట్ కావట్లేదు. ఎవరూ పిలవలేదు, ముగ్గురు బ్యాటరీకి తగిలించే కేబుళ్లు పట్టుకొచ్చారు. ఆ కారు కదిలేదాకా ఒక్కరూ ఇంటికి వెళ్లలేదు.

ఇంటికొచ్చాక అమ్మ పక్కన కూర్చుని ఇవన్నీ చెప్పాను. కార్ల ప్లగ్గులు రెండుసార్లు చెప్పించుకుంది. అరచేతిలో పొట్లం పెట్టినావిడ గురించి మూడుసార్లు.

ఏప్రిల్‌లో తమ్ముడు ఒక వీడియో పంపాడు. మేం నడిచిన చోటే, మంచు పెద్ద పెద్ద పలకలుగా విరిగి ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ బురద నీళ్లలో కదిలిపోతోంది. వెనకనుంచి మేనకోడలి గొంతు వినిపిస్తోంది, "అత్తా, మన దారి సరస్సుకి వెళ్లిపోతోంది చూడు" అని. అమ్మ ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, మళ్ళీ మొదట్నుంచి పెట్టమంది.