చీమకుర్తిలో పారేసిన రాళ్ల మాస్టారు

ఒంగోలులో పినాకిని దిగి, కర్నూలు రోడ్డు మీద వెళ్లే పొదిలి బస్సు పట్టుకున్నాను. సంతనూతలపాడు దాటాక నల్ల బ్లాకులు కట్టుకుని లారీలు ఎదురొస్తూనే ఉన్నాయి. కిటికీ సీటు దొరికిందని సంబరపడ్డానుగానీ, చీమకుర్తిలో దిగేసరికి చొక్కా రంగే మారిపోయింది.

నేను వచ్చింది క్వారీలు చూడ్డానికి కాదు. మా స్నేహితుడి మేనమామ ఒకాయన రిటైరైన డ్రాయింగు మాస్టారు. ఇక్కడే రేకుల షెడ్డులో అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగులు వేస్తూ, జానెడు జానెడు శిల్పాలు చేస్తుంటారని విని, చూద్దామని బయల్దేరాను.

షెడ్డు వెనక కుప్పపడి ఉన్నవన్నీ పాలిషింగ్ యూనిట్లు పారేసిన ముక్కలే. ఇక్కడి బ్లాక్ గెలాక్సీ రాయి విదేశాలకు ఎగుమతవుతుంది. వ్యాపారంలో గ్రానైట్ అంటారుగానీ, భూగర్భ శాస్త్రం లెక్కన ఇది గాబ్రో అనే వేరే రాతి జాతి. అందులో బంగారంలా మెరిసేవి బ్రాంజైట్ ఖనిజపు పలుకులు. మూల విరిగినవి, చార పడినవి ఎవరికీ పనికిరావు. మాస్టారికి అవే కావాలి. "మంచి రాయైతే ఈపాటికి ఎవరింట్లోనో వంటగట్టు అయిపోయేది అబ్బాయ్" అన్నారు.

ఆయన ముందు మట్టి నమూనా చెయ్యరు, కాగితం మీద గీసుకోరు. ఒకప్పుడు యూరప్‌లో పేరున్న శిల్పులు మట్టితో చేసిస్తే, పనివాళ్లు దాన్ని పాలరాతిలోకి ఎక్కించేవాళ్లు. 1907 ప్రాంతంలో రొమేనియా శిల్పి బ్రాంకూసి ఆ పద్ధతి వదిలేసి నేరుగా రాయినే చెక్కాడు. మాస్టారిదీ ఆ దారే. కాకపోతే ఈ రాయి పాలరాయంత మెత్తన కాదు. ఉలికి తొందరగా లొంగదు కాబట్టి ఎక్కువ పని గ్రైండరే చేస్తుంది.

నేను వెళ్లేసరికి ఒక ముక్కకి పాలిష్ పడుతున్నారు. మూతకి చిల్లు పెట్టిన సీసాతో నీళ్లు పోస్తూ 50 నంబరు ప్యాడుతో మొదలుపెట్టారు. నంబరు పెరిగేకొద్దీ ప్యాడు గరుకు తగ్గుతుంది. రాయి బూడిద రంగులోనే ఉంది. 400 దగ్గరికొచ్చాక నలుపు తేలింది. 1500 దాటాక పలుకులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. 3000 నంబరు ఒక్క ముఖానికే పట్టి ఆపేశారు. పక్క ముఖాన్ని రంపం కోత ఎలా వదిలిందో అలాగే ఉంచారు. మూడోవైపు క్వారీలో డ్రిల్లు దిగిన గాడి సగం మిగిలి ఉంది. దాని జోలికే పోలేదు. అంతా నున్నగా చేస్తే బాగుంటుంది కదండీ అన్నాను. "అప్పుడది షోరూం ముక్క" అన్నారు.

తర్వాత దాన్ని కిటికీ దగ్గర పెట్టి చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. పలుకులు అన్ని వైపుల నుంచీ మెరవవు, వెలుతురు తగిన కోణంలో పడాలి. ఏ వైపు కింద పెట్టాలో ఆ మెరుపును బట్టే తేలుస్తారట. నాకు ఈ పని మొత్తంలో బాగా నచ్చింది ఇదే. పక్కింటి కుర్రాడొచ్చి "ఏంది మాస్టారూ, ఏనుగా?" అనడిగితే, "నీకు ఏనుగైతే ఏనుగేరా" అని మళ్లీ తిప్పడంలో పడ్డారు. శిల్పాలకి పేర్లు పెట్టరు. నయమే, పేరు చూస్తే మనం రాయిని చూడ్డం మానేస్తాం.

పెయింటింగులకి ముడిసరుకు కోత యంత్రాల కింద పేరుకునే స్లర్రీ, అంటే రాతిపొడి బురద. దాన్ని ఎండబెట్టి, గుడ్డలో జల్లించి, యాక్రిలిక్ మీడియంలో కలిపి, పుట్టీ బ్లేడుతో కాన్వాస్ మీద పరుస్తారు. ఆరకముందే గీకేస్తారు, మళ్లీ పరుస్తారు. చిత్రకారుడు గాయ్‌తోండే రోలరుతో, కత్తితో రంగు వేస్తూ తీస్తూ పనిచేసిన తీరు చెబుతూ, ఆయన కాన్వాసులు ఢిల్లీలో చూసిన రోజు అన్నం సయించలేదన్నారు. మాస్టారి కాన్వాసులు మాత్రం నాకు మరీ బూడిదగా అనిపించాయి. ఆ మాటే అన్నాను. ఆయనేమీ నొచ్చుకోలేదు. "రాయినైతే చేతిలోకి తీసుకుంటావు. దీన్ని దూరం నుంచి చూడాల్సిందే, అందుకే ఇది కష్టం" అన్నారు.

కిటికీ దగ్గరున్న ముక్కని కొంటానన్నాను. గాడి ఉన్న వైపు ఇంకా తేల్లేదు, సంక్రాంతికి రమ్మన్నారు. ధర మాత్రం అప్పుడే చెప్పేశారు. తిరుగు బస్సులో ఒంగోలు దాకా ఆ డబ్బుల లెక్కలోనే ఉన్నాను.