బొటనవేలి మీద వెలుగు

ఎనిమిదో దీపస్తంభం దగ్గరికి వచ్చేసరికి కుడి పిక్క పట్టేసేది. రాజమహేంద్రవరంలో గోదావరి గట్టు మీద సాయంత్రం నడక నాకు పాత అలవాటు. రెండు నిమిషాలు నిలబడితే నొప్పి పోయేది. మళ్ళీ అడుగులు వేస్తే అంతే దూరంలో మళ్ళీ పట్టేసేది. వయసు 63, షుగరు వచ్చి 16 ఏళ్ళు, సిగరెట్లు అంతకు ముందు నుంచీ. వాతం నొప్పులనుకుని కర్పూరం వేసిన కొబ్బరినూనె రాసుకుంటూ ఎనిమిది నెలలు గడిపాను.

మొదట చూపించుకున్న చోట చేతికీ చీలమండకీ పట్టీలు కట్టి బీపీ కొలిచారు. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.9 కంటే తక్కువ వచ్చిందంటే కాలికి రక్తం సరిగా అందడం లేదని లెక్క. నాకు 1.42 వచ్చింది. కాళ్ళు బాగున్నాయని పంపేశారు. ఆ మాట నమ్మి మరో మూడు నెలలు పోగొట్టుకున్నందుకు ఇప్పటికీ బాధగానే ఉంది. 1.4 దాటితే అనుమానించాలి. ఏళ్ళ తరబడి షుగరు ఉన్నవాళ్ళకు చీలమండ దగ్గర ధమనుల గోడల్లో కాల్షియం చేరి గట్టిపడతాయి. పట్టీ ఎంత బిగించినా అవి సరిగా నొక్కుకోవు, అంకె పెరిగిపోతుంది.

కాలివేళ్ళ ధమనులకు ఈ బెడద తక్కువ. అందుకే రెండో డాక్టరుగారు బొటనవేలు చూడాలన్నారు. వేళ్ళు చల్లబడితే నాళాలు ముడుచుకుని కొలత తప్పుతుందని ముందు దుప్పటి కప్పి పడుకోబెట్టారు. తర్వాత బొటనవేలి మొదట్లో ఉంగరంలా చిన్న పట్టీ, వేలి మెత్తటి భాగానికి చిక్కుడుగింజంత సెన్సరు పెట్టారు. సూది లేదు, కోత లేదు. సెన్సరు పంపే పరారుణ కాంతిని రక్తం కొంత పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా వేలిలో రక్తం పెరిగి తగ్గుతుంది కాబట్టి తిరిగొచ్చే వెలుగులోనూ ఆ తేడా తెలుస్తుంది, తెరమీద అలగా కనబడుతుంది. చేతివేలికి పెడితే అల నిటారుగా లేచింది. కాలివేలి దగ్గర ఇసుకతిన్నెలా చప్పబడి ఉంది. పట్టీలోకి గాలి ఎక్కించగానే అదీ పోయి చదును గీత మిగిలింది. గాలి మెల్లగా వదులుతుంటే అల ఎప్పుడు లేస్తుందా అని ఊపిరి బిగబట్టి చూశాను. 62 దగ్గర లేచింది, అదే బొటనవేలి బీపీ. చేతి బీపీ 140. భాగిస్తే 0.44. బొటనవేలికైతే కనీసం 0.7 ఉండాలి.

రక్తం పారే తీరు చూపే డాప్లర్ స్కాన్‌లో తొడ ధమని ఇరుకైందని తేలింది. పుండ్లు లేవు, పడుకున్నప్పుడు నొప్పి లేదు కనుక స్టెంటు అక్కర్లేదన్నారు. సిగరెట్లు ఆ రోజే మానేశాను. రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్, ఇంకా కొలెస్ట్రాల్ మాత్ర రాశారు. అసలు మందు నడకే. పిక్క బాగా నొప్పి పుట్టేదాకా నడవాలి, ఆగాలి, తగ్గాక మళ్ళీ నడవాలి. అరగంటకు పైగా, వారానికి మూడు రోజులు, 12 వారాలు. "ఏమండీ, నొప్పి మీద నడిస్తే కాలు ఇంకా పాడవదూ?" అని మా ఆవిడ భయపడింది. భయపడుతూనే రోజూ పక్కన నడిచింది.

నాలుగు నెలల తర్వాత మళ్ళీ కొలిస్తే 0.47. అంకె దాదాపు అక్కడే ఉంది. నేను మాత్రం ఇరవయ్యొకటో స్తంభం దాకా ఆగకుండా వెళ్తున్నాను.

రోజూ పడుకునే ముందు మా ఆవిడ ఫోను లైటు వేసి నా అరికాళ్ళూ వేళ్ళ సందులూ చూస్తుంది. నిన్న చిటికెనవేలి పక్కన చెప్పు ఒరుసుకున్న ఎర్రటి గీత ఒకటి కనబడింది. పొద్దున లేచేసరికి ఆ చెప్పులు గుమ్మం దగ్గర లేవు.