కాగితం కింద రాయి, పక్కన కిటికీ: ఒంగోలు నుంచి నా ఫోటోల నోట్సు

చేత్తో కుట్టిన నోట్‌బుక్కులు, బ్లాక్ ప్రింట్ కార్డులు, కవర్లు, ఈమధ్య శుభలేఖలు. నేను చేసేవి ఇవే. వీటితో వచ్చిన చిక్కేమిటంటే, చేతిలోకి తీసుకుంటేనే విలువ తెలుస్తుంది. నూలు గుడ్డ పీలికలతో చేసిన 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి అన్ని గ్రాముల బరువు) కాగితం వేలికి ఎంత గరుగ్గా, ఎంత మెత్తగా తగులుతుందో పట్టుకున్నవాళ్ళకే అర్థమవుతుంది. ఫోటోలో మాత్రం అదీ, జిరాక్స్ షాపులో వాడే 75 జీఎస్ఎం కాగితమూ ఒకేలా తెల్లటి ముక్కల్లా పడతాయి. ఆ తేడాని కంటికి కనబడేలా చేయాలని సంక్రాంతి నుంచి పట్టుబట్టి కూర్చున్నాను. ఎప్పటికప్పుడు రాసుకున్నవి ఒకచోట పెడుతున్నాను. ఈ పని చేసేవాళ్ళు మన వైపు ఇంకా ఎవరైనా ఉంటే పనికొస్తాయి.

సంక్రాంతి తర్వాత

ముందు వెలుగు సంగతి తేల్చుకున్నాను. టేబుల్‌ని కిటికీ పక్కకి జరిపాను. వెలుగు పైనుంచి కాకుండా ఎడమ పక్కనుంచి, కాగితం ఒంటిని రాసుకుంటూ పోయేలా రావాలి. అలా వచ్చినప్పుడు కాగితంలో ఉన్న ప్రతి పీచుకీ చిన్న నీడ పడుతుంది. ఆ నీడలే గరుకుని చూపిస్తాయి. బ్లాక్ నొక్కినచోట పడిన పల్లం కూడా అప్పుడే కనిపిస్తుంది. అదే కార్డుని కిటికీకి ఎదురుగా నిలబెట్టి తీస్తే రంగు బాగానే వస్తుంది గానీ, కాగితం బట్టతల మీద వెలుగు పడ్డట్టు నున్నగా కనిపిస్తుంది.

వెలుగు తిరిగి కార్డు మీద పడేలా, కిటికీకి ఎదురు పక్క, కార్డుకి అవతల థర్మాకోల్ షీటు పెట్టమని అందరూ చెబుతారు. పెట్టాలి, కానీ దగ్గరగా కాదు. అరడుగు దూరంలో పెడితే నీడలన్నీ నిండిపోయి గరుకు మాయమవుతుంది. అడుగున్నర, రెండడుగుల దూరం నాకు సరిపోతోంది. తెల్ల బట్ట మీద తెల్ల కార్డు పెట్టి తీయాల్సి వస్తే థర్మాకోల్ తీసేసి, ఆ స్థానంలో నల్ల చార్ట్ పేపర్ నిలబెడతాను. కార్డు అంచున సన్నటి ముదురు గీత ఏర్పడి, బట్టలో కలిసిపోకుండా విడిగా నిలుస్తుంది.

ఫోన్ గానీ కెమెరా గానీ ఎదురుగా ఉన్నది మొత్తం మీద మధ్యస్థంగా బూడిద రంగులో ఉందని అనుకుని లెక్క కడుతుంది. అందుకే తెల్ల కాగితం ఫ్రేమంతా నిండితే దాన్ని మబ్బు పట్టించేస్తుంది. ఎక్స్‌పోజర్‌ని (ఫోటోకి అందే వెలుగుని) ప్లస్ 0.7 నుంచి ప్లస్ 1 దాకా పెంచాలి. ఎంత పెంచాలో తెలుసుకోవడానికి నా గుర్తు ఒకటే: ఫోటోని పెద్దది చేసి చూస్తే తెలుపులో పీచు కనబడాలి. కనబడకపోతే ఎక్కువైనట్టు.

వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగుని బట్టి తెలుపుని సరిచేసే సెట్టింగు) ఆటోలో వదిలితే నూలు కాగితానికి సహజంగా ఉండే మీగడ రంగు పోయి, సున్నం కొట్టినట్టు తెల్లబడుతుంది. ప్రో మోడ్‌లోకి వెళ్ళి, నీడపట్టు కిటికీకి 6500 నుంచి 7000 కెల్విన్ (వెలుగు రంగుకి కొలత) మధ్యలో ఆపి, చేతిలో ఉన్న కాగితంతో పోల్చి చూసుకుంటాను. ట్యూబ్‌లైటు ఆపడం తప్పనిసరి. రెండు రకాల వెలుగు కలిస్తే ఒక పక్క నీలం, ఇంకో పక్క పసుపు వచ్చి, తర్వాత ఏ యాప్‌తోనూ అవి సర్దుకోవు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పగా వినలేదు. మా గది గోడలు పిస్తా రంగు. ఆ పచ్చదనం కాగితం మీద పడుతుంది. ఇప్పుడు ఫోటోలు తీసేటప్పుడు గోడకి పాత తెల్ల పంచె వేలాడదీస్తున్నాను. నేను వేసుకునే బట్టలకీ ఇదే వర్తిస్తుంది. ఎర్ర చున్నీ వేసుకుని కార్డు మీదకి వంగితే తెలుపు గులాబీ రంగుకి తిరుగుతుంది. అందుకే ఆ రోజు తెలుపో, బూడిద రంగో వేసుకుంటాను.

మార్చి: రాళ్ళు

ఆన్‌లైన్‌లో పాలరాయి డిజైన్ ప్రింట్ చేసిన వినైల్ షీట్లు అమ్ముతారు. ప్రకాశం జిల్లాలో ఉండి రాయి బొమ్మ కొనుక్కోవడం నాకు మనసొప్పలేదు. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ దేశదేశాలకి పోతుంది. మార్కాపురం పలకరాయి మీద ఎన్ని తరాల పిల్లలు అక్షరాలు దిద్దుకున్నారో. రెండూ తెప్పించుకున్నాను.

గ్రానైట్ ముక్కల కోసం చీమకుర్తిలో ఒక పాలిషింగ్ యూనిట్‌కి వెళ్ళాను. కోతలో మిగిలిన ముక్కలు బయట కుప్పగా పడి ఉన్నాయి. అక్కడున్న పెద్దాయన, "వీటితో ఏం చేసుకుంటావమ్మా?" అన్నాడు. "కార్డులు పెట్టి ఫోటోలు తీస్తాను బాబాయ్" అంటే, "అయితే ఇది కాదు, అంచు విరగనిది చూసిస్తానుండు" అని తనే కుప్పంతా కదిలించి ఏరి ఇచ్చాడు. ఇంటికొచ్చాక అంచుల్ని ఎమరీ పేపర్‌తో రుద్దుకోవాలి, లేకపోతే చేతులూ కాగితమూ రెండూ కోసుకుపోతాయి.

బ్లాక్ గెలాక్సీలో బంగారు చుక్కల్లా మెరిసేవి బ్రాంజైట్ అనే ఖనిజపు రవ్వలు. కంటికి చాలా అందంగా ఉంటాయి. ఫోటోలో మాత్రం రెండు పేచీలు పెడతాయి. మొదటిది, పాలిష్ చేసిన నలుపులో కిటికీ, ఫోన్, నా చేయి అన్నీ ప్రతిబింబిస్తాయి. నల్ల చార్ట్‌కి ఫోన్ లెన్స్ పట్టేంత కన్నం చేసి, దాన్ని అడ్డు పెట్టుకుని అందులోంచి తీస్తే ఆ ప్రతిబింబాలు పోతాయి. కెమెరా ఉన్నవాళ్ళు ప్రతిబింబాల్ని తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ వాడొచ్చు, కానీ తిన్నగా పైనుంచి తీసేటప్పుడు అది దాదాపు ఏమీ చేయదు. వాలుగా తీసినప్పుడే పనిచేస్తుంది. రెండోది, ఆ మెరుపు చుక్కలు చిన్న అక్షరాలున్న కార్డుతో పోటీ పడతాయి. బంగారు రంగు ఇంకుతో ముద్ర వేసిన ఒంగోలు గిత్త కార్డు ఒక్కటే దాని మీద నిలబడింది. చుక్కలూ ఇంకూ ఒకదానికొకటి తోడయ్యాయి. మిగతా వాటికి అదే ముక్కని బోర్లా తిప్పి, పాలిష్ లేని వెనక వైపు వాడుతున్నాను. అటు మెరుపు లేని బూడిద రంగు. పత్రికల్లో చూసే ఖరీదైన బ్యాక్‌గ్రౌండ్లకి అది ఏమాత్రం తీసిపోదు.

నా మనసు దోచింది మాత్రం పలకరాయే. దానికి మెరుపు లేదు, ప్రతిబింబం లేదు. పక్కనుంచి వచ్చే వెలుగుకి దాని పొరల గీతలు కూడా పైకి తేలతాయి, కాగితం పీచుకి అవి సరిజోడు. చట్రం ఉన్న బడిపలక చిన్నదైపోతుంది, అందుకని నేలకి పరిచే రకం పెద్ద పలక తీసుకున్నాను. తడి గుడ్డతో తుడిస్తే నల్లబడుతుంది, పూర్తిగా ఆరేదాకా ఆగకుండా కాగితం పెట్టకూడదు. రంగు నిలవాలని కొందరు నూనె రాస్తారు. కాగితం పనికి అది పనికిరాదు, ఆ జిడ్డు కార్డు వెనక్కి ఎక్కుతుంది. పలకపొడి కూడా తెల్ల అంచుకి అంటుకుంటుంది. కార్డుని పలక మీద జరపకుండా, ఎత్తి పెట్టాలి. పక్కన ఒక మెత్తటి బ్రష్ ఉంచుకోండి.

మే: ఉత్తరపు కిటికీ

నా కిటికీ ఉత్తరం వైపుది. ఉత్తరపు కిటికీలోకి ఎండ రాదు, రోజంతా ఒకే వెలుగు అని ఎక్కడ చదివినా రాస్తారు. అది చలిదేశాల వాళ్ళ మాట. ఒంగోలు సుమారు పదిహేనున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదట్లోంచి ఆగస్టు రెండో వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకి నడినెత్తి దాటి ఉత్తరం వైపుకి ఒరుగుతాడు. మార్చి చివరి నుంచే పొద్దు తూర్పుకి ఉత్తరంగా పొడిచి, పడమరకి ఉత్తరంగా కుంకుతుంది. మధ్యాహ్నం ఎండని సన్‌షేడ్ ఆపుతుంది, ఉదయం సాయంత్రం మాత్రం ఏటవాలుగా గదిలోకే వస్తుంది. రోహిణి కార్తెలో పొద్దున ఎనిమిదికే నా టేబుల్ మీద కత్తిలాంటి ఎండ చార పడుతోంది.

కిటికీకి ట్రేసింగ్ పేపర్ అంటించాను. ఎండ దాని మీద పడగానే కిటికీ మొత్తం మెత్తటి దీపమవుతుంది. బటర్ పేపర్ కూడా పనిచేస్తుంది గానీ కొన్ని రకాలు పసుపు ఛాయలో ఉంటాయి, కొనేముందు తెల్ల కాగితం పక్కన పెట్టి చూసుకోండి. పగలు పదకొండు నుంచి రెండు దాకా వెలుగు నిలకడగా ఉంటోంది. ఫ్యాను ఆపి పని చేయాలి, లేకపోతే కవర్ల మూతలు లేచిపోతాయి. ఈ ఊరి మే నెలలో ఫ్యాను ఆపడమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు, అందుకే ముందురోజు రాత్రే అన్నీ అమర్చుకుని, పదకొండు కాగానే గబగబా ముగిస్తున్నాను.

పైనుంచి తిన్నగా తీసే ఫోటోలకి బీరువా మీద ఒక చెక్క పలకని బయటికి వచ్చేలా పెట్టి, వెనక బరువు మోపి, దాని చివర ఫోన్ బిగించాను. మామూలు లెన్స్‌తో దగ్గరగా తీస్తే కార్డు మూలలు సాగి, ఏ5 నోట్‌బుక్కు ఒక పక్క వెడల్పుగా కనిపిస్తుంది. రెండింతల జూమ్ పెట్టి ఫోన్‌ని ఎత్తుకి తీసుకెళ్తే 148 బై 210 మిల్లీమీటర్ల దీర్ఘచతురస్రం దీర్ఘచతురస్రంలాగే వస్తుంది. గ్రిడ్ ఆన్ చేసుకుని, రెండు సెకన్ల టైమర్ పెట్టాలి. వేలు తగిలిన కాస్త కుదుపుకే పీచు మసకబారుతుంది.

శ్రావణం: పసుపు

శుభలేఖ సెట్టు చేయమని తెలిసినావిడ అడిగింది. కార్డు, సీ6 కవరు, లోపల చిన్న చీటీ. గ్రానైట్ ముక్క వెనక వైపు మీద పెట్టి, ఏ అలంకారమూ లేకుండా తీసి పంపాను. వాళ్ళ అత్తగారు ఫోన్ చేసి, "పసుపు లేకుండా శుభలేఖేంటమ్మా, చూడగానే గుండె జల్లుమంది" అన్నారు. ఆవిడ మాట నిజం. పసుపు లేని పత్రిక మనకి వేరే కబురు చెబుతుంది.

అప్పుడు పసుపు మీద పని మొదలుపెట్టాను. నీళ్ళు ఎక్కువైతే మూల వంకరపోతుంది, మరక కాగితంలోకి పాకుతుంది. సైజింగ్ (తడిని తేలిగ్గా పీల్చకుండా కాగితానికి పట్టించే గంజి, జిగురు లాంటిది) సరిగా లేని నూలు కాగితంలో ఇంకా ఎక్కువ పాకుతుంది. గట్టి ముద్దలా కలిపి, వేలి కొసతో ఒక్కసారే అద్ది, పూర్తిగా ఆరనిచ్చి, రాలిన పొడిని పొడి బ్రష్‌తో దులపాలి. ఫోన్లు పసుపు రంగుని రెచ్చగొట్టి, అద్దిన వేలి గుర్తు కనబడకుండా ముద్ద చేస్తాయి. ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించి, ఎడిటింగ్‌లో పసుపు రంగు శాచురేషన్ (గాఢత) ఒక్కటీ దించితే వేలి గీతలు తిరిగొచ్చాయి. ఈసారి పలకరాయి మీద తీశాను. నల్లటి బూడిద మీద మీగడ రంగు, మూలన పసుపు. ఈ ఏడాది తీసినవాటిలో నాకు ఇష్టమైన ఫోటో అదే.

పక్కన పెట్టే వస్తువుల గురించి నా నియమం ఒక్కటే: ఆ కాగితానికి దానితో పని ఉండాలి. వంటల నోట్‌బుక్కు పక్కన ఉదయగిరి చెక్క గరిటె బాగా కుదిరింది. ఆ చెక్క లేత రంగూ, చేతి పనితనమూ కాగితంతో మాట కలుపుతాయి. కుట్టు కనబడే పుస్తకానికి మైనం పట్టిన దారం, సూది చాలు. మల్లెపూలు మాత్రం వద్దు. వాడిపోతే గోధుమరంగు మరక, తాజాగా ఉంటే తడి.

వానలు

మనకి అసలు వాన అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనంతో. సముద్రం ఒడ్డునున్న కొత్తపట్నం వైపు నుంచి తేమగాలి తగిలితే చాలు, రాత్రి తిన్నగా ఉన్న కార్డు పొద్దుటికి పడవలా వంగుతుంది. కాగితం పీచు తేమని పీల్చి ఉబ్బుతుంది, అదీ అడ్డంగా ఎక్కువ ఉబ్బుతుంది. పీచంతా ఒకే దిక్కుకి ఉన్న (దాన్నే గ్రెయిన్ అంటారు) మిల్లు అట్టలు ఇందుకే ఎప్పుడూ ఒకే దిక్కుకి చుట్టుకుంటాయి. కార్డుల్ని రెండు శుభ్రమైన కాగితాల మధ్య పెట్టి, పైన చీమకుర్తి ముక్క మోపుతున్నాను. అడుగు చదరం, రెండు సెంటీమీటర్ల మందం ముక్క ఐదు కిలోలకి పైనే తూగుతుంది, ఒక రాత్రి చాలు. ఫోటోకి బయటికి తీశాక తొందరగా ముగించాలి. ఆ తర్వాత జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లంతో భద్రం చేస్తున్నాను.

మబ్బు వెలుగు తక్కువే అయినా కాగితానికి మంచిదే. ఐఎస్ఓ (కెమెరా వెలుగుకి ఎంత స్పందించాలో చెప్పే అంకె) 100 దగ్గరే ఉంచి, షట్టర్‌ని సెకనులో ఎనిమిదో వంతు దాకా వదులుతున్నాను. ఫోన్ స్టాండు మీదే ఉంటుంది కాబట్టి కదలిక సమస్య లేదు. ఐఎస్ఓ పెంచితే ఫోన్ ఆ గరుకుని నాయిస్ (ఫోటోలో అనవసరంగా వచ్చే రవ్వలు) అనుకుని నున్నగా తుడిచేస్తుంది, ఇంత కష్టపడి తెచ్చిన పీచు పోతుంది.

ఫోటోలు పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలుగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపుతున్నాను, అప్పుడే ఫైలు కుదించుకుపోకుండా చేరుతుంది. ఇప్పుడు కొత్త సంవత్సరం డైరీల పని మొదలైంది. తెరిచిన పేజీలు మూసుకోకుండా నిలబెట్టాలంటే వెనక అట్ట కింద చిన్న మైనం ముద్ద పెట్టి చూస్తున్నాను. పారదర్శకంగా ఉండే చేపల వల దారంతో పేజీని కిందికి లాగి కట్టడం కూడా ప్రయత్నిస్తున్నాను. దారం వెలుగుకి మెరుస్తోంది, ఇంకా సన్నది కావాలి. కొత్తపట్నంలో వలలు అల్లేవాళ్ళని అడగాలి.