తిరుపతి కలెక్టరేట్‌లో ఒక గది కావాలి

చెన్నై సాలిగ్రామంలో మా ఇంటి మేడ మీద ఒక ట్రంకుపెట్టె ఉంది. దాన్నిండా సినిమా షూటింగుల పర్మిషన్ లెటర్లే. రైల్వే వాళ్లవి, ఫారెస్టు వాళ్లవి, దేవాదాయ శాఖ వాళ్లవి, సర్పంచులు నోటుబుక్కులో కాగితం చించి రాసిచ్చినవి కూడా. భోగి వచ్చిందంటే చాలు, వాటిని మంటలో వేద్దామంటుంది మా ఆవిడ. నేను పడనివ్వను. అందులో నా ఉద్యోగమంతా ఉంది మరి.

1989లో ఈ ఊళ్లో ప్రొడక్షన్ బాయ్‌గా టీ గ్లాసులు మోశాను. తర్వాత మేనేజర్నయ్యాను. నేను వచ్చేసరికే తెలుగు సినిమా చాలావరకు హైదరాబాద్‌కు సర్దుకుంది. వడపళనిలో విజయా వాహినీ ఉన్న చోట ఇప్పుడు ఆస్పత్రి, మాల్ ఉన్నాయి. మాలాంటి వాళ్లకు సీరియళ్లు, యాడ్లు, ఎప్పుడైనా ఒక చిన్న సినిమా మిగిలాయి. చిన్న కంపెనీకి తెలుగు పల్లె కావాలంటే గోదావరి దాకా పోయే డబ్బుండదు. మాకు దగ్గర సూళ్లూరుపేట. సెంట్రల్‌లో లోకల్ ట్రైను ఎక్కితే 80 కిలోమీటర్ల పైచిలుకు, అంతే. పైగా అది మా సొంతూరి వైపు.

2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు మ్యాపు చూసి ఎగిరి గంతేశాను. ఒకే జిల్లాలో పులికాట్ సరస్సు, చంద్రగిరి కోట, తలకోన జలపాతం, శ్రీకాళహస్తి గుడి, స్వర్ణముఖి ఇసుక! కానీ పులికాట్‌లోనూ తలకోనలోనూ ఫారెస్టు వాళ్లను అడగాలి, కోటకు కేంద్ర పురావస్తు శాఖను, గుడికి దేవాదాయ శాఖను. సూళ్లూరుపేట స్టేషన్‌లో రైలు చూపించాలంటే మళ్లీ చెన్నైకే రావాలి, అది దక్షిణ రైల్వే కదా. శ్రీహరికోట చాయల్లో డ్రోన్ అన్న మాటే ఎత్తకూడదు, అది న్యాయమే.

(చంద్రగిరి అంటే గుర్తొచ్చింది. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వాళ్లకు మద్రాసు నేల ఇచ్చాడు. ఆ కాగితం చాల్లేదు. 1645లో పైనున్న చంద్రగిరి వంశపు రాజు శ్రీరంగరాయల దగ్గరికి పోయి మళ్లీ ఖరారు చేయించుకున్నారు. కంపెనీ వాళ్ల పాట్లు అప్పటి నుంచీ ఇంతే.)

కొన్నేళ్ల కిందటి సంగతి ఒకటి చెప్తాను. ఊరి పేరూ, శాఖ పేరూ రాయను. ఒక నీటి ఒడ్డున సీను. తండ్రి పడవ దిగి వస్తాడు, కూతురు గట్టు మీద ఎదురుచూస్తుంటుంది. 46 మందిమి తెల్లవారుజామున దిగాం. పంచాయతీ తీర్మానం ఉంది, పోలీసుల లెటరుంది, ఇంకో ఆఫీసు సంతకమూ ఉంది. 6:40కి జీపొచ్చింది. దిగినాయన కాగితాలన్నీ ఓపిగ్గా చదివి, "గట్టు మీద నిలబడితే ఇది చెల్లుతుందండీ, నీళ్లలో కాలు పెడితే మాది," అన్నాడు.

తండ్రి పడవ దిగితే కాలు పడేది నీళ్లలోనే!

ఆయన చెడ్డవాడేం కాదు. సిగ్నల్ కోసం ఫోను పైకెత్తి పట్టుకుని మాతో పాటే గట్టంతా తిరిగాడు. పైఆఫీసరు మీటింగులో ఉన్నాడు. ఇడ్లీలయ్యాయి, భోజనాలయ్యాయి. బాడుగకు పిలిచిన పడవ పెద్దాయన పొద్దుట్నుంచీ పడవలోనే కూర్చుని గంటకోసారి అడిగేవాడు: "ఏం సామీ, దిగేదా, ఉండేదా?" మూడున్నరకు వాట్సాప్‌లో అనుమతి వచ్చింది. అప్పటికి ఎండ వెనక్కి తిరిగి పెద్దాయన మొహం నల్లగా పడుతోంది. ఒక షాటు తీసి ప్యాకప్ చెప్పారు. రెండో రోజుకు ప్రొడ్యూసరు దగ్గర డబ్బు లేదు. మర్నాటి భోజనాలకని మెస్సావిడ ముందే చేపలు చెప్పి పెట్టుకుంది, లాడ్జి వాళ్లు 14 గదులు ఆపి పెట్టారు. మిగతా సీను ఇక్కడ ముట్టుకాడులో లాగించేశాం. డైలాగులో మా ఊరి పేరు, తెర మీద ముట్టుకాడు నీళ్లు.

అందుకే కలెక్టర్ గారికి అర్జీ రాస్తున్నాను. సబ్సిడీ అడగట్లేదు. విజయవాడలో రాష్ట్ర ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ (ఎఫ్‌డీసీ) ఉంది, దాని పని దానిది. 2015లో కేంద్రం తన జాతీయ ఫిల్మ్ కార్పొరేషన్ ఎన్‌ఎఫ్‌డీసీలో, షూటింగు అనుమతులకు సాయం చేసే ఫిల్మ్ ఫెసిలిటేషన్ ఆఫీస్ పెట్టింది, అది మొదట విదేశీ కంపెనీల కోసం వచ్చింది. నాకు కావలసింది జిల్లా మట్టి తెలిసిన మనిషి. కలెక్టరేట్‌లో ఒక గది, ఒక ఫోను, ఒక రిజిస్టరు. ఏ గట్టు ఎవరిది, ఫీజెంత, ఏ నెలలో పక్షులు గుడ్లు పెడతాయి కాబట్టి అటు పోకూడదు, ఏ ఊళ్లో ఎన్ని గదులున్నాయి, ఇవన్నీ అందులో ఉండాలి. అర్జీ ఒకచోట ఇస్తే మిగతా శాఖలకు ఆ గదే పంపాలి. వద్దంటే వద్దని వారంలో చెప్పేస్తే చాలు, మేం బస్సు ఎక్కకుండా ఆగిపోతాం. న్యూయార్క్‌లో 1966లోనే మేయర్ లిండ్సే తన ఆఫీసులో ఇలాంటిది పెట్టించాడు. మనకేం ఆకాశహర్మ్యాలు అక్కర్లేదు, గది చాలు.

సినిమా వాళ్ల మీద ఒక కన్నేసి ఉంచడానికి కూడా ఆ గది కావాలి. ఈ మాట మా వాళ్లకు నచ్చదు. చెట్లకు మేకులు కొట్టింది మేమే. థర్మోకోల్ బండరాళ్లు వాగులో వదిలేసి వచ్చిన కంపెనీ నాకు తెలుసు, అందులో నేనూ పనిచేశాను. ముందు డిపాజిట్ కట్టించుకుని, చోటు శుభ్రంగా అప్పగించాకే తిరిగిస్తే ఎవడైనా దారికొస్తాడు.

అర్జీ మా మేనల్లుడు టైపు చేస్తున్నాడు. సోమవారం ఉదయం సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌కు వాడూ నేనూ పోతున్నాం, కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునేది ఆ రోజే. నిన్న రాత్రి అంతా అయిపోయాక వాడు తలెత్తి, "మామా, ఏ శాఖకని రాసేది?" అన్నాడు.

ఫారెస్టు అన్నాను. కొట్టేయించాను. పర్యాటకం అన్నాను, అదీ కొట్టేయించాను. రెవెన్యూ అనేలోపు వాడే నవ్వి కంప్యూటర్ మూసేశాడు.