5% లెక్క దగ్గరే తేడా

2009 ఫిబ్రవరి 7న ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో కార్చిచ్చుకు 173 మంది చనిపోయారు. కార్చిచ్చు వస్తే అంటుకునే ఆకులూ పుల్లలూ తగ్గేలా, ప్రభుత్వ భూమిలో ఏటా కనీసం 5% ముందే అదుపులో కాల్చమని విచారణ కమిషన్ చెప్పింది. హెక్టార్లే లెక్కయితే ఊళ్లకు దూరంగా పెద్ద బ్లాకులు అంటిస్తే చాలు, అంకె నిండుతుంది. ఇళ్ల పక్క చిన్న ముక్క కాల్చడమే తలనొప్పి!

2016 నుంచి, మంట ఎలా పాకుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టే ఫీనిక్స్ సిమ్యులేషన్‌తో ఇళ్లకు మిగిలే ముప్పును కొలుస్తున్నారు. మంచి మార్పే. కానీ ఇంధనం, అంటే అడవిలో మంటకు ఆహారమయ్యేది, ఎంతుందో అక్కడికి వెళ్లి చూస్తేనే తేలాలి: 6 మిల్లీమీటర్లలోపు ఆకులూ పుల్లలూ, గడ్డి, పొదలు, బెరడు, దేనికది చూడాలి. బెరడునే ఎక్కువగా వదిలేస్తారు. స్ట్రింగీబార్క్ అనే యూకలిప్టస్ మాను మీద నారలా ఊడొచ్చే బెరడు మిగిలిందంటే, కింద ఆకులు కాలినా ముప్పు తీరనట్టే. నిప్పురవ్వలై గాలికి ఎగిరి ముందుకెళ్లి అంటించేది అదే.